గోడ మీది మస్టరు ఎవరి కోసం

సోమవారం పొద్దున్నే ఏలూరు కలెక్టరేట్ చుట్టుపక్కల ఏ జిరాక్స్ షాపు ముందు నిలబడ్డా సగం జిల్లా కళ్లబడుతుంది. ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక పీజీఆర్ఎస్‌లో అర్జీ పెట్టుకుందామని చింతలపూడి నుంచి, భీమడోలు నుంచి, కొల్లేటి లంకల నుంచి మొదటి బస్సుకే బయల్దేరి వచ్చినవాళ్లు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో కార్డులు.

ఆ మధ్య అలాంటి ఒక షాపులో నా ముందు ఓ పెద్దావిడ నిలబడింది. భర్త పోయాడు. స్పౌజ్ పింఛను రావాలి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా ఉంది, రేషన్ కార్డులో ఇంకోలా ఉంది. షాపు కుర్రాడు మంచివాడు. "కూర్చోండి మామ్మగారూ, చిటికెలో రాసిపెడతాను" అని స్టూలు జరిపాడు. ఆవిడ ఆధార్, భర్త మరణ ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ వరసగా ఫోన్లో ఫొటోలు తీశాడు. వాటిని ఓ ఉచిత ఏఐ యాప్‌లో పెట్టి, కలెక్టరు గారికి అర్జీ రాయమన్నాడు. అరనిమిషం పట్టలేదు. మంచి తెలుగులో, ఎక్కడా తడబాటు లేకుండా, గుమస్తా రాసినంత పద్ధతిగా అర్జీ వచ్చేసింది. చదివి వినిపిస్తుంటే ఆవిడ కళ్లు తుడుచుకుంది. తన కష్టాన్ని అంత మర్యాదగా ఎవరైనా చెప్పగా ఆవిడ వినడం అదే మొదటిసారి కాబోలు.

ఆ అరనిమిషంలోనే ఆవిడ పన్నెండంకెల నంబరు, ఖాతా నంబరు, భర్త పోయిన తేదీ, ఇంటి చిరునామా ఎక్కడో ఉన్న ఓ కంపెనీ సర్వరుకు వెళ్లిపోయాయి. ఉచిత యాప్‌లలో చాలావాటికి, మనం సెట్టింగుల్లోకి వెళ్లి వద్దని చెప్తే తప్ప, మన సంభాషణలను తర్వాతి మోడల్ శిక్షణకు వాడుకునే వీలుంటుంది. ఈ సంగతి ఆవిడకు చెప్పినవాళ్లు లేరు. కుర్రాడికీ తెలియదు. నేను చెప్తే తలెత్తి, "ఏముందండి ఇందులో? ఈవిడ ఆధార్ ఇప్పటికి వంద చోట్ల ఇచ్చుంటారు" అన్నాడు.

ఈ మాట అతని సొంతం కాదు. చదువుకున్నవాళ్ల నోట పుట్టి, సెమినార్ హాళ్లలో పెరిగి, పత్రికల్లో అచ్చయి, చివరికి జిరాక్స్ షాపు దాకా దిగివచ్చింది. పైన దాన్ని మరింత గంభీరంగా చెప్తారు. ఏఐ పరుగులో దేశం వెనకబడకూడదంటారు. తెలుగు లాంటి భాషకు నెట్‌లో ఉన్న సరుకే తక్కువ, దానికీ ప్రైవసీ చట్టం అడ్డుపెడితే యంత్రాలు తెలుగు నేర్చుకునేదెలా అంటారు. బహిరంగంగా ఉన్నది ఎవరైనా వాడుకోవచ్చు, పేర్లు ఎలాగూ తీసేస్తారు, అయినా సామాన్యుడికి దాచుకునేందుకు ఏముంది అంటారు. నిపుణుల దగ్గర్నుంచి మంత్రుల దాకా, నాకు తెలిసిన మంచి మాస్టార్ల దాకా ఈ ధోరణిలోనే మాట్లాడుతున్నారు. ఇది మొదలంటా తప్పని నా వాదన.

దాచుకునేందుకు ఏముందన్న ప్రశ్నే ముందు చూద్దాం. 2020 డిసెంబరు మొదటి వారంలో మా ఏలూరులో ఏం జరిగిందో దేశమంతా చూసింది. వన్‌టౌన్‌లో, పడమర వీధి, దక్షిణపు వీధి, కొత్తపేట వైపు జనం నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే పడిపోయారు. ఫిట్స్, నోట నురగ, కాసేపు మతిలేనితనం. ప్రభుత్వాసుపత్రి నిండిపోయింది. బాధితులు వందలు దాటారు. ఎయిమ్స్ వచ్చింది, ఎన్ఐఎన్, నీరి, ఐఐసీటీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు వచ్చారు. రక్తం ఇవ్వమంటే జనం కాదనకుండా చెయ్యి చాచారు. సీసం, నికెల్ ఆనవాళ్లు ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. ఆ రక్తం ఇచ్చింది రోగం తేల్చడానికి. ఆ వివరాలు ఒక ఏఐ మోడల్‌లో కలిశాయనుకోండి. పెళ్లి సంబంధం చూసేవాళ్లకు, ఉద్యోగం ఇచ్చేవాళ్లకు, బీమా కంపెనీకి "ఈ వీధి మనిషి, ఫిట్స్ వచ్చినవాడు" అన్న మాట ఎంత ఖరీదైనదో వేరే చెప్పాలా? మన ఊళ్లల్లో ఫిట్స్ సంగతి చుట్టాలకే చెప్పరు. దాచుకునేందుకు ఏమీ లేనివాడంటూ ఉండడు. దాచుకునే స్తోమత లేనివాళ్లు మాత్రం ఉన్నారు.

ఇక బహిరంగంగా ఉన్నదన్న మాట చూద్దాం. 2018 ఏప్రిల్లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం ఎవరైనా చూసేలా తెరిచి ఉన్నాయని హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. కులాన్ని బట్టి, మతాన్ని బట్టి వెతుక్కునే వీలు కూడా ఉండేది. దానికి ముందు ఏడాది ఆయనా అంబర్ సిన్హా కలిసి రాసిన నివేదికలో నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల నుంచి 13 కోట్ల పైచిలుకు ఆధార్ నంబర్లు బయటపడి ఉండొచ్చని లెక్కగట్టారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, ఇంకొకటి చంద్రన్న బీమాది. ఆ పేజీలు తర్వాత మూశారు. తెరిచి ఉన్న రోజుల్లో నెట్‌ని జల్లెడపట్టే ఏ క్రాలరు వాటిని ఎత్తుకుపోయిందో, ఏ శిక్షణ గుట్టలో అవి కలిశాయో చెప్పే లెక్కంటూ ఒకటి లేదు. బహిరంగమే కదా అనేవాళ్లు ఈ లంకె మర్చిపోతున్నారు. ఆ పేజీల్ని బహిరంగం చేసింది ఆ ఇళ్లల్లో ఉన్నవాళ్లు కాదు. వాళ్లకు ఇల్లు కావాలి, అంతే. ఇల్లు కావాలంటే కులం రాయమన్నారు, రాశారు.

అసలు బహిరంగం అనే మాటకు మన ఊళ్లలో ఉన్న అర్థం వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ సోషల్ ఆడిట్లు జరిగాయి. ఈ పద్ధతిని ప్రభుత్వ వ్యవస్థగా ముందుగా నిలబెట్టింది మనమే. కూలీల హాజరు పట్టీ అయిన మస్టరు రోల్ గోడ మీద అతికించి, గ్రామసభలో పేరుపేరునా చదివేవారు. "ఫలానా ఆయన పదిహేను రోజులు పనిచేసినట్టు రాశారు, నిజమేనా?" అని మైకులో అడిగితే, "ఆయన పోయి రెండేళ్లయింది బాబూ" అని వెనక వరస నుంచి ఎవరో లేచేవారు. పేరు గోడ మీదికి ఎక్కించింది ఆ ఒక్క మాట కోసం. దొంగ మస్టర్లు పట్టుకోవడం కోసం, ఊరు ఊరి డబ్బుకి లెక్క అడగడం కోసం. కూలీలు పోరాడి తెచ్చుకున్న వెలుతురు అది. ఆ గోడని ఇవాళ ఎవరో ఫొటో తీసుకుని, "ఇది బహిరంగ సమాచారం, మా యంత్రానికి మేత" అంటే దానికి ఒప్పుకున్నది ఎవరు?

మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ తేడాని పట్టించుకోలేదు. 2023 ఆగస్టులో వచ్చిన ఆ చట్టం మూడో సెక్షన్లోనే తలుపు బార్లా తీసిపెట్టింది. మనిషి తానుగా బయటపెట్టుకున్న సమాచారానికి, చట్టప్రకారం బయటపెట్టాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు బయటపెట్టిన సమాచారానికి ఈ చట్టం వర్తించదంది. మొదటిదాన్ని కొంతవరకు ఒప్పుకోవచ్చు. రెండోది అలా కాదు. ఓటర్ల జాబితాలు, లబ్ధిదారుల జాబితాలు, మస్టర్లు, ఇలా పేదవాడి బతుకంతా చట్టప్రకారం బయటపెట్టినదే. డబ్బున్నవాడి పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఏ గోడ మీదా ఉండదు. ఆచరణలో ఈ మినహాయింపు బరువంతా పింఛను తీసుకునేవాళ్ల మీదే పడుతుంది. ఏఐకి ఈ చట్టం అడ్డమని వాపోయేవాళ్లు ముందు ఈ సెక్షన్ చదవాలి. అడ్డం లేదు సరిగదా, దారి రాచబాట. యూరప్ చట్టంలో ఇంత పెద్ద మినహాయింపు లేదు. అక్కడ నెట్‌లో కనిపించినా సరే మనిషి సమాచారం మనిషి సమాచారమే.

ఇంకో అన్యాయం ఇదే చట్టంలో ఉంది. 44వ సెక్షన్ సమాచార హక్కు చట్టాన్ని మార్చేసింది. వ్యక్తిగత సమాచారం అనగానే అధికారి ఇవ్వనని చెప్పేందుకు మునుపటికన్నా సులువైంది. ఊళ్లో మనిషి "ఎవరెవరికి ఇళ్లిచ్చారు" అని అడిగితే ప్రైవసీ అంటారు. యంత్రం అడక్కుండా తీసుకుంటే అభివృద్ధి అంటారు. నా వాదన విని "అయితే జాబితాలన్నీ దాచేద్దాం" అనే అధికారులుంటారని తెలుసు. వాళ్లతోనూ నాకు పేచీయే. మస్టరు గోడ మీద ఉండాలి, గ్రామసభలో చదవాలి. చదివేవాళ్లు ఆ ఊరి మనుషులై ఉండాలి, ఆ పని కోసమే చదవాలి. దేనికి ఇచ్చిన సమాచారం దానికే వాడాలన్న సూత్రం చట్టం ఆరో సెక్షన్లో చక్కగా ఉంది. అక్కడిచ్చిన ఉదాహరణ కూడా బాగుంది. ఫోన్లో వైద్యం చేసే యాప్ మన కాంటాక్టుల జాబితా కూడా అడిగి మనం ఒప్పుకున్నా, ఆ ఒప్పుకోలు చెల్లదు. వైద్యానికి కాంటాక్టులతో పనిలేదు కనుక. మరి పింఛను అర్జీకి మోడల్ శిక్షణతో ఏం పని?

పేర్లు తీసేస్తామనే భరోసా ఎంత గట్టిదో కంపెనీలలో పనిచేసే పరిశోధకులే చూపించారు. 2020 చివర్లో గూగుల్, ఓపెన్ఏఐ, కొన్ని యూనివర్సిటీల వాళ్లు కలిసి జీపీటీ-2ని పరీక్షిస్తే, శిక్షణలో మింగిన వందలాది భాగాలు అక్షరం పొల్లుపోకుండా బయటికి వచ్చాయి. వాటిలో ఓ మనిషి పేరు, చిరునామా, ఫోన్ నంబరు కూడా ఉన్నాయి. 2023లో ఒకే మాటని పదేపదే పలకమంటే చాట్‌జీపీటీ కాసేపటికి దారితప్పి ఎవరివో ఈమెయిళ్లు, ఫోన్ నంబర్లు కక్కింది. చిత్రాల సంగతి ఇంకా ఘోరం. 1,280 కోట్ల బొమ్మలున్న కామన్‌పూల్ అనే శిక్షణ గుట్టలో వెయ్యో వంతు మాత్రమే పరిశీలించిన పరిశోధకులకు పాస్‌పోర్టులు, క్రెడిట్ కార్డులు, జనన ధ్రువపత్రాలు వేల సంఖ్యలో దొరికాయి. జిరాక్స్ షాపులో ఫోన్‌తో తీసిన కార్డు ఫొటో అలాంటి గుట్టలో పడదని ఎవరు హామీ ఇస్తారు?

పేరు తీసేసినా మన దగ్గర మనిషి దొరుకుతాడు. కొల్లేటి లంకల్లో ఒక ఊరు, ఒక కులం, ఒక వయసు, ఒక జబ్బు చెప్తే ఊరంతా ఎవరో చెప్పేస్తుంది. నగరంలో జనం మధ్య కలిసిపోవచ్చు. వంద గడపలున్న లంకలో ఎక్కడ కలిసిపోతాం?

ఇక తీసేయమంటే తీసేస్తారు కదా అనే మాట. సమాచారాన్ని సరిదిద్దమని, చెరిపేయమని అడిగే హక్కు పన్నెండో సెక్షన్లో ఉంది. ఫైలులో ఉన్నదైతే చెరపొచ్చు. శిక్షణ అయ్యాక అది ఫైలుగా ఉండదు, కోట్లకొద్దీ అంకెల్లో కరిగిపోయి ఉంటుంది. చేపల చెరువులో మందు కలిపేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కలిపాక చెంబుతో తిరిగి తోడలేరు, నీరంతా మార్చాలి. మోడల్‌ని మళ్లీ మొదట్నుంచి శిక్షణ ఇవ్వడానికి ఎంత ఖర్చో తెలిసిన ఏ కంపెనీ కూడా ఓ పెద్దావిడ అర్జీ కోసం ఆ పని చెయ్యదు. అందుకని శిక్షణకు ముందు అడగని చట్టం శిక్షణ తర్వాత ఇచ్చే హక్కు ఆవిడకు ఎందుకూ కొరగాదు.

కొల్లేరు కథ తెలిసినవాళ్లకి ఈ వరస కొత్తది కాదు. సరస్సు నీరు ఎవరిదీ కాదన్నారు. 1976లో పేద మత్స్యకారుల కోసమని సహకార సంఘాల పేరిట చెరువులు తవ్వించారు. సంఘంలో పేదల సంతకాలున్నాయి. తర్వాతి కాలంలో లీజుల మీద ఆ చెరువులు బయటి పెట్టుబడి చేతికి పోయాయి, గట్ల మీద గట్లు లేచాయి. 1999లో అభయారణ్యం అన్నారు, ఐదో కాంటూరు గీత గీశారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కించారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చేశారు. ఆ పేలుళ్లలో చిన్న లీజుదారుడి అప్పు పేలలేదు, అలాగే మిగిలింది. గట్లు మళ్లీ లేచాయి, కోర్టుల్లో వ్యాజ్యాలు నేటికీ నడుస్తున్నాయి. పేదల పేరు చెప్పి తెరిచిన తలుపులోంచి లోపలికి వచ్చింది ఎవరో, చట్టం ఆలస్యంగా వచ్చినప్పుడు నష్టపోయింది ఎవరో ఉప్పుటేరు ఒడ్డున ఎవరినైనా అడగండి. "తెలుగు కోసం" అనే మాట వింటుంటే నాకు ఆ సంఘాల సంతకాలు గుర్తొస్తున్నాయి.

తెలుగు నిజంగా వెనకబడుతుందా? నేను తెలుగు మీద బతికేవాణ్ణి, యంత్రానికి మంచి తెలుగు రావాలని నాకంటే ఎక్కువగా కోరుకునేవాళ్లు ఉండరు. ఆ పెద్దావిడ కళ్లు తుడుచుకున్నది చూశాక ఇంకా కోరుకుంటున్నాను. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం ఇండిక్‌వాయిసెస్ అనే గొంతుల సంగ్రహం కోసం దేశంలో 22 భాషల్లో, 145 జిల్లాల్లో, 16 వేలమందికి పైగా మనుషుల గొంతులు రికార్డు చేసింది. చెప్పి, ఒప్పించి చేసింది. స్వేచ్ఛ సంస్థ ఇంజినీరింగ్ విద్యార్థుల్ని కూడగట్టి పాత కథల పేజీల్ని వేల సంఖ్యలో డిజిటల్ రూపంలోకి తెప్పించి తెలుగు కథలు చెప్పే మోడల్ తయారుచేసింది. ఎవరి ఆధారూ వాళ్లకి అవసరం రాలేదు. భాషకి కావలసింది మాట తీరు, సామెత, కథ, వాక్యం. కొల్లేటి వడ్డి కుటుంబంలో వల అల్లుతూ చెప్పుకునే మాటలు యంత్రానికి నేర్పాలంటే ఆ ఇంటికెళ్లి అడగాలి, కూలి ఇవ్వాలి. చెప్పేవాళ్లకి చెప్పడం ఇష్టమే. 2025 డిసెంబరులో కేంద్ర పరిశ్రమల శాఖ వేసిన కమిటీ, కాపీరైటు ఉన్న రచనలతో ఏఐకి శిక్షణ ఇచ్చే కంపెనీలు రాయల్టీ కట్టాలని ప్రతిపాదించింది. రచయితగా సంతోషించాను. నా వ్యాసానికి రాయల్టీ ఆలోచించిన దేశం ఆవిడ అర్జీకి కనీసం ఒక ప్రశ్న కూడా అడక్కపోవడం నాకు కొరుకుడు పడడం లేదు.

చట్టం వస్తే ఏఐ పారిపోతుందన్న బెదిరింపునీ ఇటలీ తేల్చేసింది. 2023 మార్చి 31న అక్కడి డేటా రక్షణ అధికారులు చాట్‌జీపీటీని ఆపారు. నెల తిరక్కుండానే ఓపెన్ఏఐ వయసు అడగడం, శిక్షణకు వాడొద్దని చెప్పే ఫారం ఇలాంటివి పెట్టి తిరిగి తెరిచింది. గట్టిగా అడిగితే చేస్తారు. ఇటాలియన్ భాషకి నష్టమేమీ రాలేదు. మనల్ని వదులుకునే కంపెనీ అసలే లేదు. 2025లో ఎయిర్‌టెల్ వాళ్లు పర్‌ప్లెక్సిటీని, జియో వాళ్లు జెమినిని, ఓపెన్ఏఐ తన చాట్‌జీపీటీ గోని ఏడాదీ ఏడాదిన్నరా ఉచితంగా ఇచ్చారు. ఇంత జనం, ఇన్ని భాషలు, ఇంత మాట ఇంకెక్కడ దొరుకుతాయి? విశాఖలో గూగుల్ 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రం పెడతానని అదే ఏడాది అక్టోబరులో ప్రకటించింది. మన అవసరం వాళ్లకి ఉందని తెలిశాక షరతు పెట్టడానికి భయమెందుకు?

మన సమాచారం ఎవరి చేతుల్లో ఉందన్న ప్రశ్నని ఏలూరు ఒకసారి పెద్ద గొంతులోనే విన్నది. 2023 జులై 9న వారాహి యాత్రలో, అప్పటికి అధికారంలో లేని పవన్ కల్యాణ్ ఇక్కడి సభలోనే నాటి ప్రభుత్వం పెట్టిన గ్రామ, వార్డు వాలంటీర్లు సేకరిస్తున్న సమాచారం గురించి మాట్లాడారు. దాన్ని మహిళల అదృశ్యంతో ముడిపెట్టడంతో చర్చంతా అటు పోయింది. వాలంటీర్లు రోడ్డెక్కారు, మహిళా కమిషన్ నోటీసిచ్చింది, పరువునష్టం కేసు దాకా వెళ్లింది. ఇల్లిల్లూ తిరిగిన ఆడపిల్లల మనసు నొచ్చుకుంది, అందులో న్యాయముంది. ఇంటింటి వివరాలు ఎవరి చేతుల్లో ఉన్నాయన్న అసలు ప్రశ్న మాత్రం పక్కకి పోయింది. 2019 మార్చిలో అప్పటి అధికార తెలుగుదేశం పార్టీ సేవామిత్ర యాప్ మీద ఇదే రకం ఆరోపణ వచ్చింది. ప్రశ్న ప్రతిపక్షంలో ఉన్నప్పుడే పుడుతోంది, అధికారంలోకి రాగానే నిద్రపోతోంది. వాలంటీర్లు ఇప్పుడు లేరు, వాళ్లు చేసిన కుటుంబాల మ్యాపింగ్ గ్రామ, వార్డు సచివాలయాల్లో వాడుకలోనే ఉంది. 2024 అక్టోబరులో రాష్ట్రం వాట్సాప్ సొంతదారు మెటాతో ఒప్పందం చేసుకుంది, 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. మంచి సేవే. మీసేవ చుట్టూ తిరగడం తగ్గింది. అయితే ఆ సంభాషణల్లో ఒక్క వాక్యాన్నైనా మోడల్ శిక్షణకు వాడబోమని తెలుగులో, అందరూ చదివేలా రాసి సచివాలయం గోడ మీద అతికించమని అడుగుతున్నాను. ఒప్పందం కాగితాలు జనం ముందు పెట్టమంటున్నాను.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కన్నారు. చట్టానికి ఆరేళ్లు పట్టింది. నిబంధనలు 2025 నవంబరుకి గానీ రాలేదు. అందులో అసలైన బాధ్యతలు అమలుకి ఇంకో పద్దెనిమిది నెలలు గడువిచ్చారు. అంటే 2027 మే దాకా. మోడళ్లు అంతదాకా ఆగవు. ఈ గడువులోగా మూడో సెక్షన్లోని రెండో మినహాయింపుని శిక్షణకు వర్తించకుండా సవరించాలి. పరిశోధన కోసమంటూ పదిహేడో సెక్షన్ ఇచ్చే సడలింపుని వ్యాపార మోడళ్లు చొరబడే సందుగా మిగల్చకూడదు. శిక్షణకు వేరే ఒప్పుకోలు తీసుకోవాలి, అది మన భాషలో ఉండాలి, వద్దంటే సేవ ఆగకూడదు.

కిందటి వారం మళ్లీ ఆ షాపుకి వెళ్లాను. ఈసారి కొల్లేటి లంకల వైపు నుంచి వచ్చిన ఓ చేపల రైతు, కరెంటు సబ్సిడీ ఆగిపోయిందని అర్జీ రాయించుకుంటున్నాడు. కుర్రాడు అలవాటుగా ఫోన్ తీశాడు. "ఈసారికి కార్డులు పెట్టకు. పేరూ నంబర్లూ లేకుండా సంగతి మాత్రం చెప్పి చూడు" అన్నాను. "అలా రాస్తుందంటారా మాస్టారూ?" అంటూనే టైపు చేశాడు. అర్జీ వచ్చింది. మొన్నటి దానికి వాక్యంలోగానీ మర్యాదలోగానీ ఏమీ తీసిపోలేదు. పేరు దగ్గర, సర్వే నంబరు దగ్గర, ఆధార్ దగ్గర చుక్కల గీతలు. ప్రింటు తీసి ఇస్తే ఆయన కౌంటరు మీద వంగి, నా పెన్ను అడిగి తీసుకుని, ఒక్కో గీత మీదా తన వివరాలు తనే నింపుకున్నాడు. కుర్రాడు ఆ కాగితం వైపే చూస్తూ, "మామ్మగారిది కూడా ఇలాగే రాయొచ్చన్నమాట" అన్నాడు.